చేతులు కట్టుకుని చెప్పాల్సిన పాఠం

కుట్టు తరగతి గది, కిటికీ పక్క బల్ల
జూన్

అన్నయ్యకు,

నీకు చెవి సరిగా వినబడదు కాబట్టి ఫోన్‌లో నేనేం చెప్పినా "ఆ, ఆ, అలాగే" అని పెట్టేస్తావు. పోయినసారి నాకు జ్వరం అని చెప్తే "మంచిది, శుభం" అన్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు నాకు ఇంగ్లీషు నేర్పాలి. నవ్వకు. వదినకి ముందే చదివి వినిపించకు, ఆవిడ ఇంకా గట్టిగా నవ్వుతుంది.

మా శిక్షణాలయంలో ఈ ఏడాది నాలుగైదు భాషల పిల్లలు చేరారు. అందుకని పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాలని బోర్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. కుట్టు నేర్పే ప్రతి టీచరూ అక్టోబరులో బయటి పరీక్షకుల ముందు ఒక పాఠం ఇంగ్లీషులో చెప్పి నెగ్గాలి. నెగ్గనివాళ్ళని బట్టల స్టోరులోకి మారుస్తారు. నా తరగతి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇస్తారట. ఆ అమ్మాయి ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది, కానీ చొక్కా చెయ్యి తిరగేసి కుడుతుంది. నేను స్టోరులో తాన్లు సర్దుకుంటూ, పక్క గదిలో పిల్లలు తిరగేసిన చేతులు కుట్టుకుంటుంటే వింటూ కూర్చోలేను.

బజార్లో ఒక గ్రామరు పుస్తకం కొన్నాను. క్రియల దగ్గర నాకు ఒక మాట వరంలా దొరికింది. కట్. ఇవాళ కత్తిరించినా కట్, నిన్న కత్తిరించినా కట్, కత్తిరించేసి ఊరుకున్నా కట్. ఇంగ్లీషు ఇంత సుఖమా అనుకుని పేజీ తిప్పాను. టేక్, టుక్, టేకెన్ అని ఉంది. పుస్తకం మూసేశాను.

ఆ తర్వాత క్రియా విశేషణాలు. ఒక పని ఎలా చేయాలో చెప్పే మాటలట. నేను ఇన్నేళ్ళలో "ఎలా" అన్నది నోటితో చెప్పిన పాపాన పోలేదు. "ఇలా" అంటాను, చేసి చూపిస్తాను, పిల్లలు చేస్తారు. ఇప్పుడు ఆ "ఇలా"ని విప్పి మాటల్లో చెప్పమంటున్నారు.

నేర్పుతావా?

చెల్లెలు

•

మేడ మీది గది
జూన్

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదినకే ముందు చదివి వినిపించాను. నవ్వలేదు. "ఇన్నాళ్ళకి మీకో పని దొరికింది, నా ప్రాణం హాయిగా ఉంటుంది" అంది.

నువ్వు కొన్న పుస్తకం అట్ట మీద పేరు చూశావా? మా కామా రాసింది అది. కాలేజీలో స్టాఫ్ రూములో నాకెదురు బల్ల వాడిది. ఏ వాక్యమూ పూర్తి చేయడు, మధ్యలో ఆగి ఎదుటివాడి మొహం చూసి, ఎటు మొగ్గితే లాభమో తేల్చుకుని అప్పుడు మిగతా సగం చెప్తాడు. అందుకే ఆ పేరు పెట్టాను. వానలో ప్రిన్సిపాల్‌కి గొడుగు పట్టి డిపార్ట్‌మెంటు హెడ్ అయ్యాడు. హెడ్ అయ్యాక వాడి పుస్తకమే పాఠ్యపుస్తకమైంది. నేను రాసిన గ్రామరు ఇప్పటికీ ఈ గదిలో సొరుగులో ఉంది. దాని అంచులు పురుగులు చదువుతున్నాయి. శ్రద్ధగల పాఠకులు, ఒక్క పేజీ కూడా దాటెయ్యరు. వాడి పుస్తకం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకో.

ఇక పాఠం. క్రియ అంటే పని. ఆ పని తీరు చెప్పేది క్రియా విశేషణం. మెత్తని గుడ్డ అన్నావనుకో, మెత్తదనం గుడ్డది. మెత్తగా నొక్కు అన్నావనుకో, మెత్తదనం నీ చేతిది. ఇంగ్లీషులో ఈ రెండో దానికి చాలాసార్లు చివర "లీ" అని తోక వస్తుంది. స్లో, స్లోలీ. ఫర్మ్, ఫర్మ్‌లీ. కానీ కనిపించిన ప్రతి మాటకీ తోక తగిలించకు. ఫాస్ట్ ఎప్పుడూ ఫాస్టే. హార్డ్‌కి తోక పెడితే గట్టిగా అన్న అర్థం పోయి, దాదాపు చెయ్యనట్టే అన్న అర్థం వస్తుంది.

నీకు అన్ని సూత్రాలూ నేర్పే టైము లేదు. చొక్కా జేబు మీద పాఠం మొత్తం నేనే ఇంగ్లీషులో రాసి, తెలుగు అక్షరాల్లో పంపుతాను. నువ్వు బట్టీ పట్టు. ఒక్క అక్షరం మార్చకు.

అన్నయ్య

•

వంటింటి గడప
ఆగస్టు

అన్నయ్యకు,

నీ పాఠం వచ్చేసింది. బట్టీ పట్టే ఉపాయం కూడా దొరికింది. కూర్చుని చదివితే ఒక్క ముక్క ఎక్కదు. గుడ్డ ముందు పెట్టుకుని, కత్తెర పట్టుకుని చదివితే ఎక్కుతుంది. మడత పెట్టే చెయ్యితో ఒక వాక్యం, కత్తిరించే చెయ్యితో ఇంకో వాక్యం. ఇప్పుడు నా చెయ్యి కదిలితే చాలు, నోరు దానంతటదే ఇంగ్లీషు మాట్లాడుతోంది. మొన్న ఇంట్లో దుప్పటి మడతపెడుతూ "ఫోల్డ్ ఇట్ ఈవెన్‌లీ" అన్నానట. మీ బావ "ఎవర్నే తిడుతున్నావు?" అన్నారు.

తరగతిలో మాత్రం పరువు పోయింది. పొడుగు పిల్ల ఇస్త్రీ చేస్తుంటే గట్టిగా నొక్కమని "ప్రెస్ హార్డ్‌లీ" అనేశాను. ఆ పిల్ల పాపం ఇస్త్రీ పెట్టె గాల్లో పట్టుకుని నిలబడింది. కొత్తమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. నేనూ నవ్వాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. నేర్చుకుని తీరాలన్న పట్టుదల ఇంకా పెరిగింది.

ఒక సంగతి నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. మా సూపరింటెండెంటు చెప్పింది, వచ్చే పరీక్షకుల్లో పెద్దాయన మీ కామా గారేనట. రిటైరయ్యాక బోర్డు వాళ్ళు ఆయన్ని పిలిచారట.

నువ్వు రక్తపోటు మాత్ర వేసుకున్నాక ఈ ఉత్తరం చదివి ఉంటే బావుణ్ణు.

చెల్లెలు

•

మేడ మీది గది
ఆగస్టు

చెల్లీ,

మాత్ర అవసరం లేదు. ఇంత సంతోషం నాకు ఈ మధ్య కాలంలో కలగలేదు.

నువ్వు పాఠం పూర్తి చేశాక నమస్కారం పెట్టి, వాడి పుస్తకం తీసి, క్రియా విశేషణాల పేజీ తెరిచి, "సార్, ఇక్కడ ఫాస్ట్‌లీ అని అచ్చయింది, ఇది ఏ దేశపు ఇంగ్లీషో చెప్తారా?" అని అడగాలి. అదీ అందరూ ఉండగా. ఆ వాక్యం ఇంగ్లీషులో కింద రాశాను. పాఠంతో పాటు ఇదీ బట్టీ పట్టు. వాడు వాక్యం మధ్యలో ఆగుతాడు చూడు, ఈసారి ఎటు మొగ్గాలో తెలీదు.

మీ వదిన ఇది చదివి, "పరీక్ష మీ చెల్లెలిదా, మీదా?" అంది. ఆవిడకి గ్రామరు తెలీదు.

అన్నయ్య

•

బస్టాండు బెంచీ
అక్టోబరు

అన్నయ్యకు,

పోయింది.

బస్సు రావడానికి టైముంది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను. ఇంటికెళ్తే రాయలేను.

పాఠం మొదలుపెట్టి గుడ్డ మీద చెయ్యి వేశాను. కామా గారు, "అమ్మా, గుడ్డ ముట్టుకోకుండా చెప్పాలి. చేతులు వెనక్కి కట్టుకోండి" అన్నారు. కట్టుకున్నాను. అంతే. నోట్లో ఒక్క మాట లేదు. మొదటి వాక్యం నా ఎడమ చేతిలో ఉంది, రెండోది కుడి చేతిలో ఉంది, రెండు చేతులూ నా వీపు వెనక ఉన్నాయి. వెనక వేళ్ళు కదిలిస్తూ వెతుక్కున్నాను. "ఫోల్డ్" అన్నాను. మళ్ళీ "ఫోల్డ్" అన్నాను. తర్వాత "ఇలా" అన్నాను.

నీ ప్రశ్న అడగలేదు. అడిగే స్థితిలో లేను. ఇంకేమీ అడక్కు.

జనవరిలో ఇంకో అవకాశం ఇస్తారట. అదే ఆఖరుది. నేను వెళ్తాను. ఈసారి బట్టీ వద్దు, నిజంగా నేర్పు.

చెల్లెలు

•

మేడ మీది గది
అక్టోబరు

చెల్లీ,

నీది తప్పు కాదు. కుట్టు నేర్పే మనిషిని చేతులు కట్టుకోమనడం ఏ పుస్తకంలో ఉంది? వాడు నిన్ను గుర్తుపట్టాడు. నీ సర్టిఫికెట్లలో మన ఇంటిపేరు చూసి ఉంటాడు. నా మీద కక్ష నీ మీద తీర్చుకున్నాడు. నేను రిటైరైన రోజు వీడ్కోలు సభలో నా గురించి వాడు మాట్లాడింది ఒకటే వాక్యం, అదీ సగం. ఇప్పుడు మిగతా సగం నీతో చెప్పాడు.

నేను చేయాల్సింది నేను చేస్తున్నాను. నువ్వు నిశ్చింతగా చదువుకో. ఈలోగా క్రియల మూడు రూపాలూ పంపుతున్నాను. ముందు నీ పనికి పనికొచ్చేవే నేర్చుకో.

అన్నయ్య

•

కుట్టు తరగతి గది
నవంబరు

అన్నయ్యా,

ఇవాళ సూపరింటెండెంటు నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది. పరీక్షకుడు పాత పగతో అభ్యర్థిని అవమానించాడని బోర్డుకి ఫిర్యాదు అందిందట. విచారణ తేలేదాకా నా జనవరి పరీక్ష ఆపేశారు. విచారణ ఎప్పటికి తేలుతుందని అడిగితే ఆవిడ నవ్వింది. ఈలోగా స్టోరు తాళాలు తీసుకోమంది. తీసుకోలేదు. బల్ల మీదే వదిలేసి వచ్చాను.

నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?

నేను నీకు రాయని సంగతులున్నాయి, ఇప్పుడు రాస్తాను. ఆయన చేతులు కట్టుకోమన్నది నన్నొక్కదాన్నే కాదు. ఆరోజు వచ్చిన ప్రతివాళ్ళనీ అలాగే అడిగారు. అది బోర్డు నియమం. వాళ్ళు పంపిన సూచనల కాగితంలో ఉంది, నేను నీ పాఠం బట్టీ పట్టే హడావిడిలో దాన్ని చదవలేదు. కొందరు నెగ్గారు కూడా. నాకు మాట పెగలకపోతే ఆయనే లేచి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చారు. బయటికి వస్తుంటే, "మీ అన్నయ్య చెప్పారా మీకు? ఆ ఫోల్డ్ అన్న ఉచ్చారణ ఆయనదే" అన్నారు. నీ చెవి ఎలా ఉందని అడిగారు. ఇదంతా రాస్తే నీకు కోపం వస్తుందని రాయలేదు. కోపం రాకుండా ఉండాలని దాచాను, చూడు ఎంత లాభం వచ్చిందో!

ఆయనతో నీకున్న తగువు నీది. దాన్ని నేను ఎప్పుడూ తప్పనలేదు. గొడుగు పట్టినవాడికి కుర్చీ, పాఠం చెప్పినవాడికి సొరుగు, అది అన్యాయమే. కానీ నువ్వు నా ఉద్యోగాన్ని కర్రలా పుచ్చుకుని ఆయన్ని కొడుతున్నావు. ఆయనకి తగులుతోందో లేదో తెలీదు, విరుగుతున్నది మాత్రం నేను.

ఫిర్యాదు వెనక్కి తీసుకో. అది తీసుకునేదాకా నాకు ఉత్తరం రాయకు.

చెల్లెలు

•

మేడ మీది గది
డిసెంబరు

చెల్లీ,

తీసుకున్నాను. అందుకే రాస్తున్నాను.

మూడు పూటలు నీ ఉత్తరం మీ వదినకి చూపించలేదు. ఆవిడే దిండు కింద వెతికి చదివింది. చదివి, "మీకు చెల్లెలు ముఖ్యమా, ఆ కామా ముఖ్యమా?" అంది. నేను న్యాయం గురించి ఏదో మొదలుపెట్టాను. "పెళ్ళైన దగ్గర్నుంచి ఈ ఇంట్లో రోజూ కామాతోనే కాపురం చేస్తున్నాను నేను. ఆయన మొహం కూడా చూడలేదు. వెళ్ళి చొక్కా మార్చుకోండి" అంది.

బోర్డు ఆఫీసులో గుమస్తా, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఆ పరీక్షకుడి ఎదుట సంతకం పెట్టాలన్నాడు. కామా పక్క గదిలోనే ఉన్నాడు. ముసలాడైపోయాడు. నాకు కొంచెం తృప్తి కలిగింది. వాడికీ నన్ను చూసి కలిగే ఉంటుంది.

"కూర్చో. కాఫీ చెప్పనా? నీకు ఇంకా నా మీద..." అని ఆగాడు.

"కోపం అలాగే ఉంది. తీసేస్తున్నది ఫిర్యాదునే" అన్నాను.

"అలాగే. మీ చెల్లెలికి ఇబ్బందిగా ఉంటుందంటే జనవరిలో నేను తప్పుకుంటా, వేరేవాళ్ళని..."

"నీ వాక్యాలు నువ్వే పూర్తి చెయ్యి, నేను చెయ్యను" అన్నాను. సంతకం పెట్టాను. కాఫీ తాగలేదు. గుమ్మం దగ్గర వాడు, "నీ గొంతు ఏం మారలేదు" అన్నాడు. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇంటికొచ్చేదాకా ఆలోచించాను.

వాడు తప్పుకోవాలా, వద్దా? నీ ఇష్టం. నువ్వే చెప్పు.

అన్నయ్య

•

కుట్టు తరగతి గది
డిసెంబరు

అన్నయ్యకు,

జనవరి పరీక్ష ఖాయమైందని కాగితం వచ్చింది. స్టోరు తాళాలు ఇప్పటికీ సూపరింటెండెంటు బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ నన్ను చూసినప్పుడల్లా వాటిని కొంచెం ముందుకు జరుపుతుంది. నేను చూడనట్టు వెళ్ళిపోతాను.

ఆయన తప్పుకోవద్దు. ఎవరి ముందు నోరు పడిపోయిందో వాళ్ళ ముందే లేవాలి నాకు.

ఇకనుంచి పాఠం తిరగేద్దాం. నువ్వు రాసింది నేను చదవడం కాదు, నేను ఇంగ్లీషులో రాస్తాను, నువ్వు చెయ్యి. పాత గుడ్డ ఒకటి తీసుకో. వదిన దగ్గర కత్తెర అడుగు. నేను ఏం రాశానో అదే చెయ్యాలి, ఒక్క పని కూడా తెలివిగా చెయ్యకూడదు. అది నీకు కష్టమే, తెలుసు. చొక్కా జేబు ముక్క ఎలా కత్తిరించాలో వెనక పేజీలో ఉంది.

చెల్లెలు

•

మేడ మీది గది
డిసెంబరు

చెల్లీ,

నా నీలం చొక్కా వీరమరణం పొందింది. పాత గుడ్డ తెమ్మంటే మీ వదిన అదే ఇచ్చింది. చాలా కాలంగా దాని మీద కన్నేసిందనుకుంటాను.

నువ్వు రాసినట్టే చేశాను. జేబు పుట్టగొడుగులా వచ్చింది. తప్పు నాది కాదు. "కట్ కేర్‌ఫుల్లీ" అన్నావు. నేను ప్రాణం ఉగ్గబట్టుకుని, అతి జాగ్రత్తగా, గీతకి అవతల కత్తిరించాను. జాగ్రత్తగా అంటే ఏమిటి? గీత మీదా, గీత పక్కనా? కత్తెర నోరంతా తెరిచా, సగం తెరిచా? ఏం చెప్పాలో తెలీనప్పుడు మాలాంటి మాస్టర్లు వాడే మాట అది. నేను జీవితమంతా పిల్లలకి "జాగ్రత్తగా రాయండి" అని చెప్పాను. ఎవడూ రాయలేదు.

ముందు సరైన క్రియ వెతుక్కో. అది దొరికాక కూడా తీరు తెలియకపోతే అప్పుడు క్రియా విశేషణం పెట్టు. వంట పూర్తయ్యాక ఉప్పు చూసినట్టు.

ఇంకొకటి. నువ్వు "ఫస్ట్ యు ఫోల్డ్, దెన్ యు కటింగ్" అని రాశావు. మధ్యలో "ఆర్" ఎవరు ఎత్తుకుపోయారు?

ఇంకో పాఠం పంపు. ఇంకా రెండు చొక్కాలున్నాయి. మీ వదిన అప్పుడే వాటిని తెచ్చి బల్ల మీద పెట్టింది.

అన్నయ్య

•

ఇల్లు, ముందు గది
జనవరి

అన్నయ్యకు,

నెగ్గాను.

పొద్దున్నే పిల్లలందరికీ చెప్పి వెళ్ళాను, ఓడితే మీరే నాకు స్టోరులో తాన్లు అందివ్వాలని. పొడుగు పిల్ల ఏడ్చింది. "ఏడిస్తే గుడ్డ మీద మరకలు పడతాయి, అవతలికి పో" అన్నాను. నాకూ అదే భయం.

గదిలోకి వెళ్ళాను. ముగ్గురున్నారు, మధ్యలో కామా గారు. బల్ల మీద గుడ్డ, సుద్ద, కత్తెర. "గుడ్డ ముట్టుకోకూడదు" అని ఆయన అంటుండగానే నేను చేతులు వెనక్కి కట్టేసుకున్నాను. మళ్ళీ అదే జరిగింది అన్నయ్యా. వేళ్ళు వెనక గిలగిలలాడాయి. అప్పుడు నాకు నీ పుట్టగొడుగు జేబు గుర్తొచ్చింది. నేను ఎప్పుడూ ఖాళీ గాలికి పాఠం చెప్పలేదు, ఎదురుగా ఒక మనిషి చెయ్యాలి. నాకు చేతులు లేకపోతే ఎదుటివాళ్ళకి ఉన్నాయి కదా.

"సార్, ఐ విల్ నాట్ టచ్. యు విల్ కట్" అన్నాను.

మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన "నేనా..." అని ఆగారు. నేను ఆగలేదు. "టేక్ ది సిజర్స్, ప్లీజ్" అన్నాను. పిల్లలతో అనే గొంతే వచ్చేసింది. ఆయన లేచి కత్తెర తీసుకున్నారు.

ఇక నాకు మాటలకి లోటు లేదు. గుడ్డని నిలువు దారం వెంట మడిచి, సుద్దతో జేబు గీత గీయమన్నాను. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద బల్లపరుపుగా పెట్టమన్నాను. కత్తెర కింది రెక్క బల్లకి ఆనాలన్నాను. ఆయన తొందరపడుతుంటే "స్లోలీ, సార్. స్టాప్. నౌ ఓపెన్ హాఫ్" అన్నాను. మూల దగ్గర ఆయన కత్తెర తిప్పబోతే "టర్న్ ది క్లాత్, నాట్ ది సిజర్స్" అన్నాను. ఆయన చేస్తుంటే "యు ఆర్ కటింగ్" అన్నాను, చేశాక "యు హావ్ కట్" అన్నాను. "ఆర్" ఎవరూ ఎత్తుకుపోలేదు. మధ్యలో ఎక్కడో రెండు తప్పులు చేశాను. ఒకటి నాకే తెలిసింది, దిద్దుకున్నాను. రెండోది ఆయన పక్కనున్న పరీక్షకురాలు రాసుకుంది.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నాలుక కొంచెం బయటపెట్టి కత్తిరించారు, చిన్న పిల్లల్లా.

తరగతి నాదే. కొత్తమ్మాయి రేపటినుంచి చొక్కా చేతులు నా దగ్గర నేర్చుకుంటానంది. స్టోరు తాళాలు సూపరింటెండెంటు సొరుగులో పెట్టేసుకుంది.

చెల్లెలు

•

మేడ మీది గది
జనవరి

చెల్లీ,

మీ వదిన ఏడ్చింది. నేను ఏడవలేదు, కళ్ళజోడు తుడుచుకున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అసలు సంగతి రాయడం మర్చిపోయావు. కామా చేతిలో కత్తెర. చెమట. బయటికొచ్చిన నాలుక. ఇంత చెప్పి, వాడు కత్తిరించిన జేబు ఎలా వచ్చిందో చెప్పవేం? నాదే పుట్టగొడుగైతే వాడిది ఏమై ఉంటుంది? ఎంత వంకరగా వచ్చిందో దాచకుండా వెంటనే రాయి. వీలైతే ఆ ముక్క పంపు, పటం కట్టించుకుంటాను.

అన్నయ్య

•

కుట్టు తరగతి గది
ఫిబ్రవరి

అన్నయ్యకు,

తిన్నగా వచ్చింది. గీత మీద నుంచి దారం పోగు కూడా తప్పలేదు.

వంకరగా వచ్చి ఉంటే నేను ఓడిపోయేదాన్ని కదా.

చెల్లెలు